పింగాణి బలము

విద్యుత్తీగలను మోయు ఇనుప గోపురములమీద గొలుసువలె వ్రేలాడు పింగాణి బిళ్లలను మన విద్యార్థులందఱు చూచియే యుందురు. టీ త్రాగు గిన్నెయు నీ బిళ్లయు నొకే జాతివి. గిన్నె చేయి జారినచో ముక్కలగును. బిళ్లయో, 70 కిలోన్యూటనుల, అనగా సుమారు ఏడు టన్నుల బరువు నోర్చునట్లు చేయబడును. ఈ భేద మెట్లు కలిగెనో విచారింతము.

పింగాణికి ముడిద్రవ్యములు మూడు: తెల్లని చీనామన్ను, ఫెల్‌స్పారు, పలుగురాతి పొడి. కడపటి రెండును మన నెల్లూరు మండలపు అభ్రకపు గనుల దాపున దొరకును. ఈ మిశ్రమమును సుమారు 1,300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినపుడు ఫెల్‌స్పారు కరగి గాజై సందులను నింపును. మన్నునుండి ముల్లైటు అను సూదులవంటి స్ఫటికములు పుట్టి యా గాజులో నల్లుకొనును. కావుననే మంచి పింగాణి నీటిని పీల్చదు. విఱిచిన పెంకును ఎఱ్ఱరంగు కలిపిన సారాయిలో గొప్ప యొత్తిడి క్రింద నుంచి పరీక్షింతురు; రంగు లోనికి పాఱినచో ఆ సరకు పనికిరాదు.

చిక్కంతయు పలుగురాతితోనే. ఆవము చల్లారునపుడు 573 డిగ్రీలయొద్ద పలుగురాతి కణము దిగ్గున కుంచించుకొనును. చుట్టునున్న గాజు అంతగా కుంచించుకొనదు. అందుచే కంటికగపడని బీట లేర్పడును. ఇనుము బీటకొనయొద్ద కొంత సాగి బాధను సర్దుకొనును. పింగాణికి సాగుట తెలియదు. బీట పెరిగినచో విఱుగుటయే. కాబట్టి బలము కోరువారు పలుగురాతికి మాఱుగా అల్యూమినా పొడిని కలుపుదురు. అంతర్జాతీయ ప్రమాణముచొప్పున పలుగు పింగాణి కడ్డీ వంచినపుడు చదరపు మిల్లీమీటరునకు కనీసము 50 న్యూటనుల బలమును, హెచ్చు అల్యూమినా గలది 140 న్యూటనుల బలమును ఓర్వవలెను. దాని వెలయు హెచ్చే గనుక పాత పద్ధతి నేటికిని పోలేదు.

మెఱుగుపూత అందమునకు మాత్రమే యని తలపరాదు. లోని పింగాణికంటె తక్కువ వ్యాకోచించు పూతను ఏర్చి పూయుదురు. చల్లారునపుడు లోపలిది ఎక్కువగా ముడుచుకొని పూతను నొక్కిపట్టును; నొక్కబడిన పైచర్మమున బీట తెరచుకొనుట కష్టము. పైని చెప్పిన 50, పూతతో 60 అగును. 140 అన్నది 160 అగును. కొందఱు బాలురు ఈ బిళ్లలనే గుఱిగా పెట్టుకొని రాళ్లు ఱువ్వుట మేము చూచితిమి. వారు పెచ్చులూడగొట్టునది ఈ కవచమునే.

పింగాణి లాగిన నోర్వదు, నొక్కిన నోర్చును. రెండవ బలము మొదటిదానికి సుమారు పదిరెట్లు. ఇంజనీర్లు ఈ గుణమునే వాడుకొనిరి. బిళ్లపై ఇనుప టోపియు, లోపల ఇనుప మేకును సిమెంటుతో అతుకబడి యుండును. మేకు తల వెడల్పైనది. తీగ క్రిందికి లాగినపుడు మేకుతల చీలవలె బిగిసి పింగాణిని టోపివైపునకు నొక్కును. లాగుడు నొక్కుడుగా మాఱినది!

అయితే ఆ టోపి క్రిందనే బీట పుట్టినచో పైకి కనబడదు. అందుచేత లైనుమనుష్యులు పొడవైన కఱ్ఱకు అమర్చిన పరికరముతో ఒక్కొక్క బిళ్లపై వోల్టేజి కొలుతురు. తన వంతు వోల్టేజిని మోయనిదానిని దింపి వేఱొకటి తగిలింతురు.