ట్రెమొలో బ్రిడ్జి కింద ప్యాడ్ పెట్టొచ్చా?

ప్రశ్న: చర్చి పాటల బృందంలో స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ వాయిస్తాను. ట్రెమొలో బార్ నొక్కి వదిలినప్పుడల్లా బ్రిడ్జి ప్లేటు తగిలి పాలిష్ లేచిపోతోంది. కింద ఫోమ్ ముక్క పెడితే నాదం దెబ్బతింటుందా?
– ఓ పాఠకుడు, బెల్లంపల్లి

జవాబు: తీగలు శ్రుతిలో ఉండగా ప్లేటు వెనక అంచు కింద విజిటింగ్ కార్డు దూర్చి చూడండి. సులువుగా దూరితే బ్రిడ్జి తేలుతున్నట్టే. అలాంటప్పుడు ప్లేటుకు తగలనంత పలచని ప్యాడ్ వేసినా నాదం మారదు. తీగ కంపనం చెక్కకు చేరేది ముందున్న స్క్రూల నుంచి, వెనక స్ప్రింగుల నుంచి.

మీ ప్లేటు చెక్కనే ఆనుకుని ఉన్నట్టుంది. అక్కడ ఫోమ్ పెడితే తీగ మోగే నిడివి కాస్త తగ్గవచ్చు. పికప్ పట్టేది తీగ కదలికనే కాబట్టి యాంప్‌లో ఆ తేడా స్వల్పమే. అసలు నష్టం శ్రుతికి. ఫోమ్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అణుగుతుంది. బార్ వదిలాక ప్లేటు పాత చోటికే రాదు. పైగా ఫోమ్ చెమట పీల్చి స్క్రూలకు తుప్పు తెస్తుంది, మీ ఊరి ఎండలకు త్వరగా పొడిపొడి అవుతుంది. రబ్బరూ వద్దు, నైట్రోసెల్యులోజ్ పాలిష్‌ను పాడుచేస్తుంది. తప్పదనుకుంటే గట్టి, పలచని తోలు ముక్క వాడండి.

అంతకన్నా మేలైన దారి ఉంది. 1954లో ఫెండర్ తెచ్చిన ఈ బ్రిడ్జి తేలేలా రూపొందినదే. వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టిన క్లా స్క్రూలు రెండూ కొద్దికొద్దిగా వదులు చేస్తూ, ప్రతిసారీ శ్రుతి చేసుకోండి. వెనక అంచు సుమారు 3 మిల్లీమీటర్లు లేస్తే చాలు. తర్వాత తీగల ఎత్తు సరిచూసుకోండి.