ఆరోగ్య ఋణము

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ మంజీరా నదీ ప్రాంతమునందలి పట్టణము. నిజాంసాగరు నీటితో వరి పండు సీమ అది. సమీపమున బీర్కూరు మండలపు తిమ్మాపూరులో గుట్టపై శ్రీ వేంకటేశ్వరస్వామి కొలువైయున్నాడు. భక్తులు ఆ క్షేత్రమును ‘తెలంగాణ తిరుమల’ యని పిలుచుకొందురు. పట్టణమున ప్రభుత్వాసుపత్రియు, మాతాశిశు ఆసుపత్రియు కలవు. ఇంటిలో నొకరికి ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఆ సీమలోని గృహస్థు రెండు దిక్కులకును చేతులు జోడించును. ఆసుపత్రి వాకిట కూర్చుండియే స్వామికి ముడుపు కట్టును.

రోగము నెమ్మదించి, ముడుపు చెల్లి, తలనీలాలు సమర్పించిన పిదప ఒక సందేహము పుట్టును. ‘కాపాడినవాడు స్వామియే గదా, వైద్యునికి మ్రొక్కనేల?’ యని కొందరందురు. ‘మందు బ్రతికించినది, మ్రొక్కుతో పనియేమి?’ యని మరికొందరందురు. పెద్దల మార్గము ఈ రెండు మాటలను అంగీకరింపదు.

శ్రీమద్రామాయణమున యుద్ధకాండ చూడుడు. రావణుని శక్తి తగిలి లక్ష్మణుడు నేలకొరిగెను. శ్రీరాముడు సాక్షాత్తు పరంధాముడే; అయినను మానవధర్మమును పాటించి తమ్ముని వైద్యునికి అప్పగించెను. సుషేణుడు ముఖకాంతి చెడలేదని, అరచేతుల ఎరుపు తగ్గలేదని, గుండె కదలుచున్నదని పరీక్షించి ధైర్యము చెప్పెను. మూలికను గుర్తింపజాలని హనుమంతుడు పర్వతశిఖరమునే మోసికొని వచ్చెను. సుషేణుడు ఓషధిని నలిపి నాసికకు అందించగా లక్ష్మణుడు లేచి కూర్చుండెను. తెలిసినవాడొకడు, తెచ్చినవాడొకడు, చెంత కూర్చుండి కన్నీరు విడిచినవాడొకడు. ఈ ముగ్గురును చేరినప్పుడే చికిత్స పూర్ణమైనది. నేటి ఆసుపత్రిలోను అంతియే. శస్త్రము పట్టిన చేయి ఒకటే కంటబడును; రాత్రి జ్వరము చూచిన నర్సు, పక్కబట్టలు మార్చిన ఆయా, నేల కడిగిన పనివాడు, రక్తమిచ్చిన అజ్ఞాతుడు కంటబడరు. కృతజ్ఞత వారి వరకు పోవలెను.

శస్త్రచికిత్స నొప్పించును. మందు చేదుగా నుండును. ఆ బాధలో రోగి విసుగుకొనుటయు సహజమే. దీనికి కులశేఖరాళ్వారుల ఉపమానమే సమాధానము. తిరుమలలో స్వామి సన్నిధి గడపకు ‘కులశేఖరపడి’ యను పేరు ఆయన వలననే వచ్చినది. ఆయన రచించిన పెరుమాళ్ తిరుమొళిలో 105 పాశురములు కలవు. వేంకటాచలమును గూర్చిన దశకము ముగిసిన వెంటనే వచ్చునది విత్తువక్కోటి స్వామిని గూర్చిన దశకము. అందులో ఆళ్వారు తన శరణాగతిని చెప్పుటకు రోగినే ఉపమానముగా గ్రహించిరి. కోసినను, వాత పెట్టినను వైద్యునియందు రోగికి ప్రేమ ఎట్లు తరుగదో, స్వామి ఎట్టి కష్టము కలిగించినను తన ప్రేమ అట్లే తరుగదని వారి భావము. భగవద్భక్తికి కొలతగా నిలుచు యోగ్యత రోగి హృదయమునకు కలదని ఆళ్వారు తలచిరి. అట్టి భావమును చిన్నచూపు చూడరాదు.

దేవాలయమునకును వైద్యమునకును గల సంబంధము నేటిది కాదు. కాంచీపుర ప్రాంతమునందలి తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ళ ఆలయ శాసనము 11వ శతాబ్దమునాటి వీరరాజేంద్రచోళుని కాలమునకు చెందినది. ఆలయమునకు అనుబంధముగా 15 పడకల ఆతురశాల, వైద్యుడు, శస్త్రవైద్యుడు, పరిచారికలు, ఔషధముల నిల్వ అందు పేర్కొనబడినవి. తెలుగుసీమలో రుద్రమదేవి కాలపు మల్కాపుర శాసనము (1261) ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను చెప్పుచున్నది. అది శైవమఠపు ధర్మమైనను పుణ్యమునకు భేదము లేదు. బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రి 2022లో, పుట్టిన బిడ్డకు తల్లిపాలు పట్టించు విషయమున చూపిన శ్రద్ధకు జాతీయస్థాయి గుర్తింపు పొందినది. తొలి గంటలోనే బిడ్డను తల్లి రొమ్మునకు చేర్చి ఓర్పుతో నేర్పు పరిచారికల సేవ ఆ పూర్వపు ప్రసూతిశాలల ధర్మమే.

ఋణము తీరుటెట్లు? పట్టాభిషేకానంతరము శ్రీరాముడు హనుమంతునితో పలికిన మాట ఇందుకు దారి చూపును. నీవు చేసిన ఉపకారము నాయందే జీర్ణమైపోవుగాక యని ప్రభువు భావము. ప్రత్యుపకారము చేయదలచినచో ఉపకారికి ఆపద రావలెనని కోరినట్లగును గదా! బ్రతికించిన వైద్యుడు తానును మంచము పట్టవలెనని ఏ రోగి కోరును? కావున ఆ ఋణము చేసినవానికి కాక, మరియొక రోగికి చెల్లింపవలెను.

దానికి మార్గములు చిన్నవే. దిక్కులేని రోగికి ఒకపూట గంజి పోయవచ్చును, వానికి తోడుగా ఒక రాత్రి కూర్చుండవచ్చును. వ్యాధి నుండి లేచినవారు తామే రక్తమీయలేకపోవచ్చును. వైద్యుడు తగునన్నచో వారి ఇంటిలోని ఆరోగ్యవంతులు ఈయవచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకమారు ఈయవచ్చునని నియమము.

ఎంత యత్నించినను రోగి దక్కని ఇండ్లును కలవు. అచ్చట కృతజ్ఞత మరింత కఠినమైన ధర్మము. జటాయువు సీతమ్మను కాపాడలేకపోయెను. అయినను శ్రీరాముడు తండ్రికి వలె ఆ పక్షికి అంత్యక్రియలు నెరవేర్చెను. ప్రభువు ఫలమును చూడలేదు, ఒడ్డిన ప్రాణమును చూచెను. రాత్రంతయు పెనుగులాడి ఓడిన వైద్యుని చేయి పట్టుకొని ‘మీరు చేయవలసినది చేసితిరయ్యా’ యనగల గృహస్థుడు ఆ రామధర్మమును పాటించినవాడే.

తిమ్మాపూరు గుట్ట యెక్కినను, ఏడుకొండలెక్కినను, స్వామికి మ్రొక్కు చెల్లించు భక్తుడు ఆ క్షణమున ఆసుపత్రిలో తనకు నీళ్ళందించిన చేతులను కూడ తలచుకొనవలెను. ఆ చేతులలో నిలిచి కాపాడినవాడే ఎదుట శంఖచక్రములు ధరించి నిలిచియున్నాడు.