బఠాణీ గింజల్లో బిట్లు

గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులు జన్యుశాస్త్ర పదాలను విడివిడిగా బట్టీపట్టి పరీక్ష హాల్లో తికమకపడుతుంటారు. బ్రనో మఠంలో గ్రెగర్ మెండల్ చేసిన ఒక్క ప్రయోగాన్ని పట్టుకుంటే సగం పదాలు వాటంతట అవే దారికొస్తాయి.

మెండల్ గుండ్రటి గింజల బఠాణీని ముడతల గింజల రకంతో సంకరం చేశాడు. మొదటి తరంలో అన్నీ గుండ్రటివే. పైకి కనిపించిన ఆ గుణం బహిర్గతం, దాగిన ముడత అంతర్గతం. ఆ మొక్కల్లో ఆత్మపరాగ సంపర్కం జరిగాక ముడత మళ్లీ తేలింది: గుండ్రటివి 5,474, ముడతలవి 1,850. అంటే దాదాపు 3:1. ఇంత ఓపికగా గింజలు లెక్కపెట్టిన మనిషిని 1900 దాకా శాస్త్రలోకం పెద్దగా పట్టించుకోలేదు!

కంటికి కనిపించేది దృశ్యరూపం, లోపలి జన్యువుల అమరిక జన్యురూపం. ఒక జన్యువుకుండే ప్రత్యామ్నాయ రూపాలు యుగ్మవికల్పకాలు. జతలో రెండూ ఒకటే అయితే సమయుగ్మజం, వేరైతే విషమయుగ్మజం. రెండో తరం జన్యురూప నిష్పత్తి మాత్రం 1:2:1. ప్రశ్నలో అడిగింది ఏ రూపమో చూడకుండా 3:1 గుర్తు పెట్టేసేవారే ఎక్కువ.

చంద్రకాంత మొక్క దగ్గర లెక్క మారుతుంది. ఎరుపు, తెలుపు పూల రకాలను కలిపితే మొదటి తరంలో గులాబీ రంగు పూలు పూస్తాయి. ఇది అసంపూర్ణ బహిర్గతత్వం. ఇక్కడ రెండో తరంలో దృశ్యరూప, జన్యురూప నిష్పత్తులు రెండూ 1:2:1 గానే ఉంటాయి.

ఏబీ రక్తవర్గంలో కలగలుపు ఉండదు. ఎర్ర రక్తకణాలపై ఏ, బీ ప్రతిజనకాలు రెండూ కనిపిస్తాయి కనుక దాన్ని సహబహిర్గతత్వం అంటారు.