మేము తయారుచేసిన కొట్లాట ఆట: అందులోని లోపాలు

ప్రతి ఏటా ఈ సంచికలో శాస్త్ర సంబంధమైన వ్యాసం ఒకటైనా ఉండాలని సంపాదకవర్గం వారి కోరిక. నాకు తెలిసిన శాస్త్రం కొంచెమే. అయితే నా చేతులతో నేనే చెడగొట్టిన వస్తువు ఒకటి ఉన్నది గనుక దాన్ని గురించి ధైర్యంగా వ్రాయగలను.

కిందటి వేసవిలో అశోక్‌నగర్ హాస్టల్ గదిలో నేనూ, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న నా మిత్రుడూ కలిసి ఇద్దరు ఆడుకునే కొట్లాట వీడియో గేమ్ తయారుచేశాము. అతడు పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకొని వచ్చి, సాయంత్రం మేడమీద లుంగీ ఎగగట్టి గాలిని తంతుంటే నేను ఫోనుతో ఫొటోలు తీసేవాణ్ణి. అవే మా ఆటలో బొమ్మలు. వెనుక తెరకు నారాయణగూడ ఫ్లైఓవర్. ఇదేమీ మా సొంత తెలివి కాదు. జోర్డన్ మెక్నర్ అనే అమెరికన్ యువకుడు యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూనే 'కరాటెకా' అనే ఆట తయారుచేశాడు. అది 1984లో వచ్చింది. తన కరాటే గురువును సూపర్ 8 ఫిలిం మీద తీసి, ఆ కదలికలను చూసి బొమ్మలు గీసుకున్నాడు. ఆయన పద్ధతి మాకు అబ్బింది గాని ఓపిక అబ్బలేదు.

మొదటి లోపం కాలానికి సంబంధించినది. ఇలాంటి ఆటల్లో తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది. మంచి ఆటలో ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి: చెయ్యి లేవడం, తగలడం, వెనక్కి రావడం. లేచే చేతిని చూసి ఎదుటివాడు కాచుకుంటాడు. వెనక్కి వచ్చేలోపు తిరిగి కొడతాడు. ఆటంతా ఆ సందులోనే ఉన్నది. మాదాంట్లో మీట నొక్కగానే దెబ్బ తగిలేది. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సెకనులో దాదాపు నాలుగో వంతు, అంటే 15 తెరలు పడుతుంది. ఇక కాచుకొనేదెప్పుడు?

రెండోది లుంగీ. దెబ్బ తగిలిందా లేదా అని కంప్యూటరు బొమ్మను చూడదు, కంటికి కనపడని పెట్టెలను చూస్తుంది. నేను ఫొటో అంచులనే పెట్టెగా పెట్టాను. కాలు చాచగానే పెట్టె పెద్దదై, లుంగీ పక్కనున్న ఖాళీ గాలికి తగిలినా దెబ్బే! తన్నినవాడే తన్నులు తినేవాడు.

కాలేజీ ల్యాబులో పాత కంప్యూటరు మీద ఆడితే మల్లయోధులు నీళ్లలో నడిచినట్లు నడిచారు. సెకనుకు ఇంత అని కాక, తెరకు ఇంత అని నడక లెక్కకట్టిన ఫలితం. చవక కీబోర్డు తంటా ఇంకొకటి. దాని లోపల తీగలు అడ్డం నిలువు గళ్లుగా ఉంటాయి. ఒకేసారి కొన్ని మీటలు కలిపి నొక్కితే మరొక మీటను అది లెక్కలోకి తీసుకోదు. నేను రెండు మీటలు పట్టుకుంటే అతడి తన్ను అసలు లోపలికే వెళ్లేది కాదు.

లోపాలన్నీ చెడ్డవే అనను. 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2'లో ఒక దెబ్బ వెంట మరొకటి తప్పించుకోవీలు లేకుండా తగిలించే వీలు మొదట అనుకొని పెట్టింది కాదు. కనపడ్డాక తయారీదారులు ఉంచేశారు. ఆ తరువాత ఎన్నో కొట్లాట ఆటలకు అదే ప్రాణమైంది. మాకు అంత అదృష్టం లేదు.

అసలు లోపం వేరు. ఓడినవాడు నారాయణగూడలో చాయ్ తాగించాలని పందెం. ల్యాప్‌టాప్ నా మంచం వైపు ఉండేది కాబట్టి ఎడమవైపు ఆటగాణ్ణి ఎప్పుడూ నేనే. 23 సాయంత్రాలు అతడే డబ్బిచ్చాడు. ఒకరోజు "నేను గూడ అప్పుడే కొట్టిన గదరా" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత ఆడడం మానేశాడు. "నా చెయ్యి మొద్దువారింది. పరీక్షల గూడ గంతే అయితదేమో" అని లైటార్పి పడుకున్నాడు.

ఆ రాత్రి ప్రోగ్రాము మొదటినుంచి చదివాను. ఇద్దరూ ఒకే క్షణంలో కొడితే, కంప్యూటరు ముందుగా ఒకటో ఆటగాడి దెబ్బ చూసి, రెండోవాణ్ణి తూలిపోయేలా చేస్తోంది. తూలినవాడి దెబ్బ రద్దు. అంటే అతడు నిజంగానే కొట్టాడు. ముందు ఇద్దరి దెబ్బలూ లెక్కవేసుకొని, ఆ తరువాత ఇద్దరికీ ఒకేసారి తగిలించవలెను. దిద్దడానికి ఆరు వరుసలు పట్టింది. చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

విని ఏమీ అనలేదు. కాసేపాగి, "జరుగు, ఎడమ దిక్కు నేను కూసుంట" అన్నాడు. ఇప్పటికి 9 చాయ్‌లు తీర్చాను. లుంగీ పెట్టె మాత్రం ఇంకా సరిచేయవలసి ఉన్నది.