చిన్న కారు – మంచు కొండల పరుగు

రేసు కార్లకు నున్నని బాట ఉంటుంది. ర్యాలీకి ఆ సౌకర్యం లేదు. కొండమలుపులు, కంకర, బురద, మంచు – ఏది ఎదురైనా నిర్ణీత కాలంలో దాటిపోవాలి. ఇందులో పరుగెత్తేది చాలాసార్లు మనం కొనుక్కొనే మామూలు కారుకు సంస్కరించిన రూపమే. ఆ సంస్కారం ఎటువంటిదో తెలుసుకోవడానికి బ్రిటన్‌కు చెందిన మినీ కారు చక్కని ఉదాహరణ.

అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ 1959లో వెలువడింది. పొడవు సుమారు 3 మీటర్లు. 848 సీసీ ఇంజను, 34 హార్స్‌పవర్ శక్తి. కుటుంబాల కోసం చేసిన ఈ బుల్లి బండి పందేనికి పనికివస్తుందంటే ఎవరికైనా సందేహమే. నలోపాఖ్యానంలో బాహుకుడు బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకొన్నప్పుడు ఋతుపర్ణుడు కూడా ఇలాగే సందేహించాడు. మినీలోని సత్తువను గుర్తించిన బాహుకుడు రేసు కార్ల నిర్మాత జాన్ కూపర్.

ఇంజను శక్తి పెరగాలంటే అది మరింత గాలిని, అందుకు తగిన పెట్రోలును లోనికి తీసుకొని మండించాలి. 1961 నాటి మినీ కూపర్‌లో పిస్టన్ కదిలే దూరాన్ని పెంచి ఇంజనును 997 సీసీ చేశారు; రెండు కార్బ్యురేటర్లు అమర్చారు. శక్తి 55 హార్స్‌పవర్‌కు చేరింది. అయితే పిస్టన్ ఎక్కువ దూరం కదిలే ఇంజనును అతివేగంగా తిప్పితే లోపలి భాగాలు తట్టుకోలేవు. అందువల్ల 1963లో వచ్చిన కూపర్ ఎస్‌లో ఆ దూరాన్ని తగ్గించి, సిలిండర్లను వెడల్పు చేసి, క్రాంక్‌షాఫ్ట్‌ను దృఢపరిచారు. ఫలితం 1071 సీసీ, 70 హార్స్‌పవర్.

శక్తిని పెంచడంతో పని ముగియదు. అది చక్రాలను చేరే మార్గమంతా ఆ భారాన్ని మోయాలి. ర్యాలీ కార్లలో గేర్ల నిష్పత్తిని మార్చుతారు. గరిష్ఠ వేగం కొంత తగ్గినా మలుపు దాటగానే బండి చురుకుగా పుంజుకొంటుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో ఒక చక్రం మంచుపై జారితే అది వృథాగా తిరుగుతుంది, రెండవది నిలిచిపోతుంది. ఈ తేడాను అదుపుచేసే ప్రత్యేక డిఫరెన్షియల్ అందుకే అవసరం. మినీలో గేర్‌బాక్స్ ఇంజను అడుగునే, అదే నూనెలో ఉంటుంది. ఒక్క రాయి తగిలి ఆ తొట్టి పగిలితే రెండూ నాశనమే! కాబట్టి కింద లోహపు పలక బిగించారు. సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచితే బండికి బలం వచ్చినట్లు భావించే యువకులు ఈ విషయాన్ని ఆలోచించాలి. పైగా తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తున్నది.

1964 జనవరిలో ప్యాడీ హాప్‌కిర్క్, సహచరుడు హెన్రీ లిడన్‌తో కలిసి కూపర్ ఎస్‌లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. రెండవ స్థానం పొందినది 4.7 లీటర్ల భారీ ఇంజనుగల ఫోర్డ్ ఫాల్కన్. చిన్న ఇంజన్లకు అనుకూలించే లెక్కింపు పద్ధతి కూడా ఈ విజయానికి తోడ్పడిందనడం న్యాయం. 1965లో టిమో మాకినెన్ అదే ర్యాలీని మినీతోనే గెలిచాడు. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే. కాని వాటిని అనర్హమైనవిగా ప్రకటించారు. కారణం ఇంజను కాదు, ముందు దీపాలు నిబంధనలకు లోబడి లేవన్నది! మరుసటి ఏడు రౌనో ఆల్టొనెన్ మినీని మళ్ళీ విజేతగా నిలిపాడు.