మిల్లులో మిషన్లొస్తే మా పిల్లాడికి పని ఉంటుందా?

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు. అబ్బాయి పది పాసయ్యాడు. ఐటీఐ చదివించి వరంగల్ టెక్స్‌టైల్ పార్కుకు పంపాలనుకుంటున్నాం. అక్కడ అన్నీ మిషన్లే చేస్తాయంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: చేర్పించండి, కాకపోతే ట్రేడు చూసుకుని. యంత్రమొస్తే పని పోతుందన్న భయం సగమే నిజం. 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు రోబోలొచ్చి మూతపడలేదు. పాతబడ్డ యంత్రాలతో, నష్టాలతో మూతపడింది. మిగతా సగం నూలు మిల్లులో కనిపిస్తుంది: నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టడానికి ఒకప్పుడు మనుషులు కావాల్సి వచ్చేది, ఇప్పుడు ఆటోడాఫర్ అనే యంత్రం కండెల వరసంతా ఒకేసారి మార్చేస్తుంది. కుట్టు దగ్గర అలా కాదు. మిషను దారం తానే తెంపుతుంది గానీ, జారిపోయే గుడ్డను చంక వంపు దగ్గర తిప్పి సూది కిందికి పట్టడం చాలావరకు ఇంకా చేతి పనే.

మిషన్లెన్ని వచ్చినా వాటిని బాగుచేసేవాళ్లు కావాలి, అందుకే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడు చూడండి. ఆ రిపేరు ఉద్యోగాలు ఎన్నుంటాయని మీరు అడగొచ్చు. నిజమే, కుట్టేవాళ్లంత మంది అక్కర్లేదు. కానీ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదువు ఒక్క మిల్లుకే కట్టుబడి ఉండదు; జిన్నింగ్ మిల్లుకూ, రైస్ మిల్లుకూ పనికొస్తుంది. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. చేర్పించే ముందు వర్క్‌షాపుకెళ్లి, కొత్త యంత్రాల మీద పిల్లల్ని చేయి పెట్టనిస్తున్నారో లేదో చూసుకోండి.