నిప్పుల యొద్ద అడిగిన ప్రశ్న

పాఠ్యభాగము: యోహాను 21:1-19



పునరుత్థాన పండుగ ఒక్క ఆదివారముతో ముగియునది కాదు. ప్రభువు లేచిన తరువాత 40 దినములు శిష్యులకు కనబడుచు వచ్చెనని అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయము తెలుపుచున్నది. పెంతెకొస్తు వరకు 50 దినములు సంఘము ఈ కాలమును ఆచరించుచున్నది. అయితే మన గ్రామములలో జరుగునదేమి? తెల్లవారక మునుపే సమాధుల తోటకు పోయి, క్రొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి వచ్చెదము. సోమవారమునకు అంతయు మరచెదము. లేచిన ప్రభువుతో మన పరిచయము ఆ గంటసేపేనా?

వాకాడు తీరమున ఈ దినములకు మరియొక గుర్తు కలదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధింపబడియుండును. తూపిలిపాళెము ఒడ్డున పడవలు ఇసుక మీదికి చేరును. వలలు బాగుచేసికొను కాలమది. చేతిలో డబ్బు ఆడదు. అప్పిచ్చినవాడు గుమ్మము ముందు నిలుచును. యోహాను 21వ అధ్యాయము చదువుటకు ఇంతకంటె తగిన కాలము లేదని మేము తలంచుచున్నాము.

పేతురు చేపలు పట్టబోవుటను కొందరు బోధకులు తప్పుగా ఎంచుదురు. మాకు అట్లు తోచదు. ఇంటిలో తినువారుండగా పనికి పోవుట పాపము కాదు. రాత్రియంతయు ప్రయాసపడి ఖాళీ వలతో వచ్చువాని మనస్సు అలివి వల లాగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభువు ఆ ఒడ్డుననే, ఆ పనిలోనే వారిని కలిసికొనెను. చేపలు 153 అని వ్రాయబడినందుకు, 1 మొదలు 17 వరకు కూడిన ఆ సంఖ్య వచ్చునని అగస్టీను భక్తుడు గొప్ప అర్థము చెప్పెను. మన ఒడ్డున అడిగినయెడల, పాళ్లు పంచుకొనుటకు ఎవరైనను లెక్కపెట్టుదురందురు.

ఆ ఒడ్డున నిప్పులుండెను. గ్రీకు మూలములో బొగ్గుల నిప్పును తెలుపు ఆ మాట క్రొత్త నిబంధన అంతటిలో రెండే చోట్ల కలదు. ఒకటి ఇచ్చట, 9వ వచనములో. రెండవది 18:18లో, పేతురు చలి కాచుకొనుచు ప్రభువును ఎరుగనని బొంకిన ముంగిటిలో. ఆ పొగ వాసన అతనికి ఏమి జ్ఞాపకము చేసియుండునో! అయినను ప్రభువు ఆ రాత్రి సంగతి ఎత్తలేదు. భోజనమునకు పిలిచెను. ఆకలి తీరిన తరువాతనే ప్రశ్న.

ఆ ప్రశ్న ముమ్మారు వచ్చెను. మూడుసార్లును తండ్రి పేరుతో కూడ సీమోను అను పాత పేరే పలికెను. తాను పెట్టిన పేతురు అను పేరు పలుకలేదు. ప్రేమకు ఇచ్చట గ్రీకులో రెండు మాటలు వాడబడినవి. వాటి భేదమును గూర్చి పండితులు వాదించుకొనుచున్నారు. ఆ వాదము మనకు వలదు. ఎందుకు బొంకితివని అడుగలేదు. ఇక అట్లు చేయనని మాట తీసికొనలేదు. తనను ప్రేమించుచున్నాడా అనియే అడిగెను.

1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గు మిషను పక్షమున ఆగస్టు మిలియసు దొర సూళ్లూరుపేటలో సేవ ప్రారంభించెను. మా ముత్తాతలు మిషనరీల కాలపు క్రైస్తవులని చెప్పుకొనువారు ఈ సీమలో అనేకులు. సంతోషమే. కాని పేతురు తరఫున అతని సహోదరుడైన అంద్రెయ జవాబు చెప్పలేదు. భార్య ప్రార్థించునని భర్తయు, పాస్టరుగారు ప్రార్థించుదురని సంఘమును ఊరకుండిన, ఆ ప్రశ్నకు ఎవరు పలుకుదురు?

మరికొందరి కష్టము వేరు. పని లేని దినములలో త్రాగి ఇంటిలో గలభా చేసినవారు, అన్నదమ్ములతో గట్టు తగాదా పెట్టుకొన్నవారు, సంస్కారపు ఆదివారమున వెనుక కూర్చుండి మెల్లగా బయటికి పోవుదురు. కొందరు ఏండ్ల తరబడి ప్రభువు బల్లయొద్దకు రారు. యోగ్యత సంపాదించుకొని వచ్చెదమని వారి తలంపు. తన్ను తాను పరీక్షించుకొనుట వేరు, దూరముగా నిలుచుట వేరు. పేతురు ఏ యోగ్యత సంపాదించెను? పడవ ఒడ్డు చేరువరకు ఆగలేక నీళ్లలో దుమికి, తడిబట్టతో వచ్చెను.

పునరుత్థాన దినముననే ప్రభువు సీమోనుకు కనబడెనని లూకా 24:34 చెప్పుచున్నది. 1 కొరింథీయులకు 15:5లో పౌలును చెప్పుచున్నాడు. అప్పుడు వారిద్దరి మధ్య జరిగిన మాటలు ఏ సువార్తికుడును వ్రాయలేదు. అన్ని మాటలు సంఘము ఎదుట చెప్పవలసినవి కావు. గనుక ఒక సాయంకాలము వల ప్రక్కననో పొలము గట్టుననో ఒంటరిగా కూర్చుండుడి. చదువురానివారు ముందుగా పిల్లలచేత ఈ అధ్యాయము చదివించుకొనుడి. సీమోను అనుచోట మీ పేరు, ఇంటిలో పిలుచు పేరే, పెట్టుకొని జవాబు చెప్పుడి. పెద్ద మాటలు అక్కరలేదు. పేతురు జవాబును చిన్నదే.

ప్రతి జవాబు వెంటనే ప్రభువు పని అప్పగించెనని మరువకుడి. గొఱ్ఱెపిల్లలను మేపు పని అది. మన యొద్ద అది ఆదివారపు బడికి రాని పిల్లను పిలుచుకొని వచ్చుట కావచ్చును. మాటలు మానుకొన్న తమ్ముని వాకిట ముందుగా నిలుచుట కావచ్చును.

ఆ పని విన్న వెంటనే పేతురు వెనుకకు తిరిగి యోహాను సంగతి ఏమని అడిగెను. పొరుగువాని లెక్క అడుగుట మనకును అలవాటే. ప్రభువు దానికి ఏమి చెప్పెనో 20 నుండి 23 వరకు గల వచనములను ఈ నెల గృహ కూటములలో చదువుకొందము.